ఆటలో ఆగిపోయిన ఊరు

జపాన్ వెళ్లినవాళ్లు ఫుజి పర్వతం చూస్తారు. క్యోటో గుళ్లు చూస్తారు. టోక్యో దుకాణాలు చుట్టేస్తారు. కొందరు మాత్రం వీటన్నిటినీ పక్కన పెట్టి, టోక్యోకి దక్షిణంగా ఉన్న ఓ నౌకాదళ పట్నానికి రైలెక్కుతారు. అక్కడ అటూ ఇటూగా 300 మీటర్ల పొడవుండే ఓ ఇరుకు బజారులో గంటల తరబడి తిరుగుతారు. ఓ మలుపు దగ్గర ఆగుతారు. చేతిలోని సెల్‌ఫోన్‌లో బొమ్మ చూస్తారు. తలెత్తి ఎదురుగా ఉన్న దుకాణం చూస్తారు. 'ఇదే... ఇక్కడే!' అని మురిసిపోతారు.

ఆ ఊరు యొకొసుకా. ఆ బజారు డోబుయిటా. వాళ్ల చేతిలోని బొమ్మ ఓ వీడియో గేమ్‌లోది. ఆ ఆట పేరు షెన్‌మూ. 1999 డిసెంబరు 29న విడుదలైంది. అమ్మకాల లెక్కలో చూస్తే అదో పెద్ద నష్టం. ఆడినవాళ్ల లెక్కలో చూస్తే మాత్రం అదో ఊరు. ఒకసారి అందులో కాపురం ఉండి వచ్చినవాళ్లు ఆ వీధుల్ని మరిచిపోలేరు!

మంచులో మొదలైన కథ

ఆట కథ 1986 నవంబరు 29న మొదలవుతుంది. మంచు కురుస్తున్న రోజు. పద్దెనిమిదేళ్ల ర్యో హజుకి ఇంటికి వచ్చేసరికి గేటు బోర్డు విరిగి కింద పడి ఉంటుంది. లోపల, యుద్ధవిద్యలు నేర్పే శాలలో తండ్రి ఓ అపరిచితుడితో తలపడుతూ ఉంటాడు. వచ్చినవాడి పేరు లాన్ డీ. చైనా మనిషి. అతనికి కావాల్సింది ఓ అద్దం... డ్రాగన్ చెక్కిన పురాతన అద్దం. దాన్ని తీసుకుని, కొడుకు కళ్లముందే తండ్రిని చంపేసి నల్లకారెక్కి వెళ్లిపోతాడు.

ఇక్కడి వరకూ వింటే మన సినిమా కథే. తండ్రిని చంపినవాడి మీద కొడుకు పగ. అయితే తర్వాత జరిగేది సినిమా కాదు. పగతో రగిలిపోతున్న ఆ కుర్రాడి దగ్గర ఒక్క ఆధారమూ ఉండదు. ఊళ్లోకి వెళ్లి కనిపించినవాళ్లనల్లా అడగాలి. 'ఆ రోజు నల్లకారు చూశారా?' కూరగాయల కొట్టు ఆవిడని అడగాలి. క్షురకుణ్ని అడగాలి. బడి నుంచి వస్తున్న పిల్లల్ని అడగాలి. ఒకరు చూశామంటారు. ఒకరు తెలీదంటారు. మరొకరు 'ముందు నీ ఒంట్లో ఎలా ఉంది బాబూ?' అని కుశలం అడుగుతారు.

ఇంట్లో ఇనే అనే పెద్దావిడ ఉంటుంది. తల్లి లేని ర్యోని కనిపెట్టుకుని ఉండేది ఆవిడే. రోజూ అతని ఖర్చులకి 500 యెన్లు ఇంట్లో పెట్టి ఉంచుతుంది. రాత్రి పొద్దుపోతే ఎక్కడున్నా ఇంటికి చేరాల్సిందే. ఆలస్యంగా వస్తే ఆవిడ మొహంలో దిగులు కనిపిస్తుంది. పగ తీర్చుకోవడానికి బయల్దేరిన కథానాయకుడు ఇంట్లో పెద్దవాళ్లు బెంగపెట్టుకుంటారని రాత్రికి తిరిగొచ్చే ఆటలు అప్పటికి లేవు. ఇప్పటికీ తక్కువే.

పరుగు లేని ఆట

ఈ ఆటని తయారుచేసింది యూ సుజుకీ. సెగా కంపెనీలో హ్యాంగ్ ఆన్, అవుట్ రన్, వర్చువా ఫైటర్ లాంటి ఆటలతో పేరు తెచ్చుకున్నాడు. అన్నీ వేగానికి మారుపేర్లు. నాణెం వేస్తే నాలుగు నిమిషాల్లో ముగిసిపోయేవి. అలాంటి మనిషి ఉన్నట్టుండి నెమ్మదిగా సాగే ఆట చేయాలనుకున్నాడు. మొదట వర్చువా ఫైటర్ పాత్రలతోనే కథ అల్లడం మొదలుపెట్టాడు. అది పెరిగి పెరిగి షెన్‌మూ అయింది.

అందులో ఓ ఊరుంది. ఊళ్లో గడియారం ఉంది. పొద్దున దుకాణాల షట్టర్లు లేస్తాయి. రాత్రికి దిగుతాయి. బార్లు మాత్రం చీకటి పడ్డాకే తెరుస్తారు. ప్రతి మనిషికీ ఓ పేరు, ఓ ఇల్లు, ఓ పని. పొద్దున కొట్టు తెరిచిన మనిషే సాయంత్రం ఇంటికి నడుచుకుంటూ పోతాడు. వెనకే వెళితే ఎక్కడుంటాడో చూడొచ్చు. వానొస్తే జనం గొడుగులు తీస్తారు. డిసెంబరు చివర్లో బజారులో శాంటాక్లాజ్ వేషగాడు తిరుగుతాడు.

ఇంట్లో సొరుగులన్నీ లాగి చూడొచ్చు. వేలితో తిప్పే నల్లటి ఫోన్‌లో నంబరు తిప్పొచ్చు. బొమ్మలు పడే డబ్బాలో నాణెం వేసి ఏ బొమ్మ వస్తుందోనని ఎదురుచూడొచ్చు. టామ్ అనే అతను బండి మీద హాట్ డాగ్‌లు అమ్ముతూ డాన్సు చేస్తుంటే నిలబడి చూడొచ్చు. ఆటల దుకాణంలోకి వెళితే హ్యాంగ్ ఆన్, స్పేస్ హ్యారియర్ యంత్రాలుంటాయి. రెండూ 1985 నాటి సుజుకీ ఆటలే. ఆటలో ఆట అన్నమాట! తండ్రిని చంపినవాణ్ని వెతకాల్సిన కుర్రాడు వాటి ముందు కూర్చుని ఇనే ఇచ్చిన డబ్బులన్నీ తగలేస్తాడు. ఆడేవాళ్లకి కాస్త సిగ్గేస్తుంది కూడా.

కొండ మీది గుడి దగ్గర ఓ పిల్లికూన ఉంటుంది. దాని తల్లిని చంపింది కూడా ఆ నల్లకారే. ఓ చిన్నపాప ఆ కూనకి తిండి పెడుతుంటుంది. ర్యో కూడా రోజూ వెళ్లి పెట్టొచ్చు. వెళ్లకపోయినా కథ ఆగదు. అయినా ఆడినవాళ్లలో చాలామంది వెళ్తారు. ఇలాంటివి ఎందుకు పెట్టారని అప్పట్లో కొందరు విసుక్కున్నారు. సాయంత్రం ఏడింటికి రమ్మని ఎవరైనా చెబితే ఏడయ్యేదాకా నిజంగానే ఊళ్లో తిరుగుతూ గడపాలి. చివర్లో రేవులో ఉద్యోగం. సరుకు పెట్టెల్ని ఫోర్క్‌లిఫ్ట్ బండితో ఓ గోదాములోంచి మరో గోదాములోకి మోయాలి. రోజూ అదే పని. మధ్యాహ్నం భోజనం. సాయంత్రం కూలి. 'ఇదీ ఓ ఆటేనా?' అన్నారు.

కానీ కిటుకంతా అక్కడే ఉంది. రోజూ నడిచిన దారి, రోజూ పలకరించిన మనిషి, రోజూ విన్న షట్టరు చప్పుడు... వీటితోనే ఏ ఊరైనా మన ఊరవుతుంది. ఆట చివర ర్యో హాంకాంగ్ వెళ్లే ఓడెక్కుతాడు. లాన్ డీ అక్కడికే వెళ్లాడని తెలుస్తుంది మరి. అప్పుడు ఆడేవాళ్లకి శత్రువు కంటే ముందు ఇల్లు గుర్తొస్తుంది. ఇనే గుర్తొస్తుంది. పూలకొట్టు దగ్గరి స్నేహితురాలు నొజోమి గుర్తొస్తుంది. పగ కోసం వదులుకుంటున్నదేమిటో అప్పటిదాకా చూపించాడు కాబట్టే ఆ వీడ్కోలు అంత బరువుగా ఉంటుంది.

కాలవ మీద పలకలు

ఇక అసలు డోబుయిటా సంగతి. జపాన్ భాషలో 'డోబు' అంటే మురుగు కాలవ. 'ఇటా' అంటే పలక. ఒకప్పుడు ఈ వీధి మధ్యలో కాలవ పారేది. బళ్లు తిరగడానికి అడ్డంగా ఉందని దాని మీద ఇనుప పలకలు పరిచారు. ఆ పలకల్ని ఇచ్చింది పక్కనే ఉన్న నౌకాదళ కర్మాగారం. కాలవ ఇప్పుడు కనిపించదు. పేరు మాత్రం మిగిలింది.

వీధి పుట్టుకే కాదు, బతుకు కూడా ఓడలతోనే ముడిపడింది. 1853లో అమెరికా నౌకాధిపతి పెర్రీ నాలుగు నల్ల ఓడలతో వచ్చి ఆగింది ఇప్పటి యొకొసుకా పరిధిలోని ఉరగా దగ్గరే. తలుపులు మూసుకుని కూర్చున్న జపాన్ ఆ దెబ్బతో ప్రపంచానికి తెరుచుకుంది. 1865లో ఫ్రెంచి ఇంజినీరు లియోన్స్ వెర్నీ ఆధ్వర్యంలో ఇక్కడ ఇనుప కర్మాగారం మొదలైంది. అదే ఓడలు కట్టే కేంద్రమైంది. జపాన్ నౌకాదళానికి ఆయువుపట్టుగా మారింది. రెండో ప్రపంచయుద్ధంలో ఓడిపోయాక ఆ స్థావరంలోకి అమెరికా నౌకాదళం వచ్చింది. ఇప్పటికీ ఉంది. అమెరికా ఏడో నౌకాదళానికి ఇదే కేంద్రం. డోబుయిటా ఆ స్థావరం గుమ్మానికి ఎదురుగా, పెద్ద రోడ్డు దాటగానే ఉంటుంది.

అందుకే ఈ బజారు తీరే వేరు. ఓ పక్క ఇంగ్లిషు బోర్డులు, బార్లు, బర్గర్ కొట్లు. మరో పక్క మామూలు జపాన్ కొట్లు. వియత్నాం యుద్ధకాలంలో ఓడ దిగిన సైనికులు జేబుల నిండా డాలర్లతో ఇక్కడికొచ్చేవాళ్లు. రాత్రంతా బార్లు కిటకిటలాడేవి. తర్వాత రోజులు మారాయి. 1985 సెప్టెంబరులో ఒక డాలరుకి దాదాపు 240 యెన్లు వచ్చేవి. 1986 చివరికి అది 160కి అటూ ఇటూగా పడిపోయింది. అదే జీతం, అదే బీరు... కానీ నావికుడి జేబు మాత్రం మూడోవంతు చిక్కిపోయింది. కొట్టువాళ్లు అమెరికన్లని నమ్ముకోవడం తగ్గించి జపాన్ కుర్రకారు వైపు చూడాల్సి వచ్చింది.

షెన్‌మూ కథ జరిగింది సరిగ్గా ఆ 1986 చివర్లోనే! ఆటలో ర్యో 'నావికులు ఎక్కువగా ఎక్కడ కనిపిస్తారు?' అని ఇంటింటికీ తిరిగి అడుగుతుంటాడు. ఆ బార్లు అప్పటికే మారిపోతున్నాయి. ఆట తయారయ్యేనాటికి చాలా భాగం జ్ఞాపకమే. ఇప్పుడైతే అదీ చరిత్ర. ఆ చలికాలాన్ని కొట్లతో సహా అద్దంలో పెట్టినట్టు దాచింది ఓ ఆట. అంతేనా... ఆట ఒకసారి పూర్తిచేస్తే 1986లో యొకొసుకాలో నిజంగా ఏ రోజు వాన పడిందో, ఏ రోజు ఎండ కాసిందో ఆ రికార్డుల ప్రకారమే వాతావరణం మారేలా పెట్టుకోవచ్చు. పాత క్యాలెండరులో నాటి మబ్బుల్ని కూడా అంటించి పెట్టారన్నమాట.

వీపు మీద పులి

డోబుయిటాలో తప్పకుండా చూడాల్సింది సుకాజాన్. పట్టులా మెరిసే జాకెట్టు. వీపు మీద పులో, గద్దో, డ్రాగనో... రంగురంగుల దారాలతో కుట్టు. యుద్ధం అయ్యాక ఇంటికి వెళ్లే అమెరికా సైనికులు గుర్తుగా ఉంటుందని తమ జాకెట్ల మీద ఇలా కుట్టించుకునేవాళ్లు. అలా మొదలైంది. యొకొసుకాలోని 'సుకా'కి జంపర్‌లోని 'జాన్' కలిసి ఆ పేరొచ్చిందంటారు. తిరగేసి కూడా తొడుక్కునేలా కుట్టినవి ఎక్కువ. యంత్రంతో కుట్టినవి కాస్త చవక. చేయి తిరిగిన పనివాడు కుట్టినదైతే ధర చూసి కళ్లు తిరుగుతాయి.

ఆటలో ర్యో వేసుకునేది ముదురు గోధుమరంగు తోలు జాకెట్టు. దాని వీపు మీదా పులి బొమ్మే. ఈ వీధి గాలి సోకినవాడని చెప్పడానికి అది చాలు. అభిమానుల్లో కొందరు అలాంటి జాకెట్టే వేసుకుని ఇక్కడికి వచ్చి ఫొటోలు దిగుతుంటారు.

ఒక్క సంగతి. ఆటలోని డోబుయిటా అసలు వీధికి అచ్చు నకలు కాదు. మలుపులు కలిపారు, కొట్లు మార్చారు. ర్యో ఇల్లు ఎంత వెతికినా దొరకదు, అది కల్పనే. అతను పనిచేసిన రేవూ అంతే. మరి వచ్చినవాళ్లు ఏం చూస్తారు? వీధి వెడల్పు, మేడల ఎత్తు, బోర్డుల తీరు, సాయంత్రం దీపాలు వెలిగే వేళ... అవన్నీ ఎక్కడో చూసినట్టే ఉంటాయి. మొదటిసారి వచ్చిన ఊళ్లో దారి తెలిసినట్టు అనిపిస్తే ఎలా ఉంటుంది? ఆ గమ్మత్తు కోసమే వస్తారు.

ఆలస్యంగా వచ్చిన గుర్తింపు

షెన్‌మూకి అయిన ఖర్చు గురించి అప్పట్లో కథలు కథలుగా చెప్పుకున్నారు. ఏడు కోట్ల డాలర్లని మొదట ప్రచారమైంది. ప్రచారంతో సహా 4.7 కోట్లని సుజుకీ తర్వాత చెప్పాడు. ఏదైనా ఆ రోజుల్లో ఓ ఆటకి అంత సొమ్ము కనీవినీ ఎరగనిది. అమ్ముడుపోయినవి సుమారు 12 లక్షలు. మామూలు ఆటకైతే మంచి అంకె. దీనికి చాల్లేదు. పైగా ఆ ఆట ఆడాలంటే సెగా వాళ్ల డ్రీమ్‌కాస్ట్ యంత్రం కావాలి. దాన్ని 2001లో ఆపేశారు. సెగా ఆ తర్వాత ఆట యంత్రాలు తయారుచేయడమే మానేసింది. అదే ఏడాది రెండో భాగం వచ్చింది. ర్యో హాంకాంగ్ దాటి చైనాలోని గుయిలిన్ కొండల్లోకి చేరాడు. కథ మధ్యలోనే ఆగిపోయింది.

ఏళ్లు గడిచాయి. 2015 జూన్‌లో సుజుకీ మూడో భాగం కోసం జనాన్నే చందాలు అడిగాడు. కావాలన్నది 20 లక్షల డాలర్లు. తొమ్మిది గంటలు గడవకముందే వచ్చేశాయి. చివరికి 69,320 మంది కలిసి 63 లక్షల డాలర్లకు పైగా ఇచ్చారు. 2018లో మొదటి రెండు భాగాలూ కొత్త యంత్రాల కోసం మళ్లీ వచ్చాయి. 2019 నవంబరు 19న మూడో భాగం విడుదలైంది. అది అందరికీ నచ్చలేదు. కథా పూర్తికాలేదు. లాన్ డీ ఇంకా బతికే ఉన్నాడు!

2025 ఏప్రిల్‌లో మాత్రం ఓ విశేషం జరిగింది. బ్రిటన్‌లో సినిమాలకీ ఆటలకీ అవార్డులిచ్చే బాఫ్టా సంస్థ ఓ ప్రజాభిప్రాయ సేకరణ చేసింది. ఇప్పటిదాకా వచ్చిన వీడియో గేముల్లో అందరికన్నా ఎక్కువ ప్రభావం చూపింది ఏది... అని అడిగితే మొదటి స్థానం షెన్‌మూకి దక్కింది. డూమ్, సూపర్ మారియో బ్రదర్స్ లాంటి మహామహులు దాని వెనక నిలిచాయి. ఈ రోజు పెద్ద ఆటల్లో తిరగడానికి ఓ నగరం, అందులో తమ పని తాము చేసుకునే జనం మామూలైపోయారు. అప్పుడు మాత్రం అలాంటి ఊరు కట్టడం సాహసమే.

వెళ్లేవాళ్లు... వచ్చేవాళ్లు

ఈ గుర్తింపు యొకొసుకాకి ఉత్త గొప్ప మాత్రమే కాదు, అవసరం కూడా. ఒకప్పుడు నాలుగు లక్షల ముప్ఫై వేలున్న జనాభా ఇప్పుడు నాలుగు లక్షల లోపుకి తగ్గింది. 2013లో వచ్చి స్థిరపడినవాళ్ల కంటే వదిలి వెళ్లినవాళ్లు 1,772 మంది ఎక్కువ. ఆ లెక్కలో ఆ ఏడాది జపాన్ మొత్తంలో ఈ ఊరిదే మొదటి స్థానం. కర్మాగారాలు తగ్గాయి. కొండల మీది ఇళ్లకి మెట్లెక్కలేక ముసలివాళ్లు ఇబ్బంది పడుతున్నారు. పిల్లలు టోక్యో, యొకొహామా దారి పట్టారు. ర్యో ఓడెక్కినట్టే వీళ్లు రైలెక్కారు.

అలాంటి ఊరికి ఎక్కడెక్కడి దేశాల నుంచో జనం ఓ పాత ఆట పేరు చెప్పుకుని వస్తుంటే పట్నం వాళ్లు ఊరుకుంటారా? ఆటలో కనిపించే చోట్లని గుర్తులతో చూపిస్తూ ఏకంగా ఓ మ్యాపే అచ్చువేశారు. జపాన్‌లో అభిమానులు ఇలా కథల్లోని చోట్లు వెతుక్కుంటూ వెళ్లడాన్ని తీర్థయాత్ర అనే అంటారు. యాత్రికుడు వస్తే ఒక కాఫీ తాగుతాడు, ఒక బర్గర్ తింటాడు, వీలైతే ఒక జాకెట్టు కొంటాడు. ఒక్క ఆటతో ఊరు నిండదు. కానీ మూతపడబోయే కొట్టు ఇంకో ఏడాది నిలబడటానికి అదీ ఓ చేయే.

శుక్రవారం కూర

యొకొసుకా వెళ్లినవాళ్లు కూర తినకుండా రాకూడదు. అవును, కూరే! జపాన్ వాళ్లు 'కరే' అంటారు. మన దేశం నుంచి ఇంగ్లిషువాళ్లకి, వాళ్ల ఓడల నుంచి జపాన్ నౌకాదళానికి చేరింది. ఓడ మీద ఒకేసారి వందలమందికి వండటం తేలిక. మాంసం, కూరగాయలు, అన్నం అన్నీ ఒకే పళ్లెంలో ఇమిడిపోతాయి. 1908 నాటి నౌకాదళ వంటల పుస్తకంలో దాన్ని ఎలా చేయాలో ఉంది. ఊళ్లో ఇప్పటికీ ఆ పద్ధతిలోనే వండి, పక్కన సలాడ్, గ్లాసుడు పాలు పెట్టి ఇస్తారు. గోధుమపిండితో చిక్కగా, కాస్త తియ్యగా ఉంటుంది. గుంటూరు కారం తిన్న నాలుకకి ఇదేం కూర అనిపించొచ్చు... కానీ మన కూర ఎంత దూరం ప్రయాణం చేసిందో తలుచుకుంటే ముద్ద దిగుతుంది. జపాన్ నౌకాదళంలో శుక్రవారం వస్తే కూర వండాల్సిందే. సముద్రం మీద రోజులు లెక్క తప్పకుండా అదో గుర్తు. యొకొసుకా తనని తాను 'కూర పట్నం'గా ప్రకటించుకుంది 1999లో, షెన్‌మూ వచ్చిన ఏడాదే.

చూడటానికి ఇంకా చాలా ఉన్నాయి. 1905లో రష్యా నౌకాదళాన్ని ఓడించిన అడ్మిరల్ టోగో ఎక్కిన మికాసా యుద్ధనౌకని ఒడ్డునే స్మారకంగా నిలిపారు. విశాఖలో కురుసుర జలాంతర్గామిలోకి వెళ్లినట్టే దీని లోపలికీ వెళ్లి చూడొచ్చు. విశాఖకీ ఈ రేవుకీ పరిచయం ఉంది. మన తూర్పు నౌకాదళానికి చెందిన శివాలిక్, కమోర్తా నౌకలు 2022 నవంబరులో అంతర్జాతీయ నౌకా ప్రదర్శన కోసం యొకొసుకా వచ్చాయి. మికాసా దగ్గరి నుంచి పడవెక్కితే పది నిమిషాల్లో సరుషిమా దీవి. పేరుకి కోతుల దీవే, కోతులు మాత్రం లేవు. నాచు పట్టిన పాత ఇటుక కోటలు, సొరంగాలు ఉన్నాయి. వెర్నీ పార్కులో గులాబీల మధ్య కూర్చుంటే ఎదురుగా జలాంతర్గాములు కనిపిస్తాయి. యుద్ధనౌకల మధ్యగా 45 నిమిషాల పడవ షికారూ ఉంది.

ఎలా వెళ్లాలి?

టోక్యోలోని షినగావా స్టేషన్లో కెయిక్యూ రైలెక్కితే యొకొసుకా చువో స్టేషనుకి ముప్పావుగంట. అక్కడి నుంచి డోబుయిటా పది నిమిషాల నడక. అంతకు ముందు స్టేషను షియోయిరిలో దిగితే ఇంకా దగ్గర. ఆ స్టేషన్లో కొన్ని రైళ్లే ఆగుతాయి, చూసుకుని ఎక్కాలి. పగలు వెళితే జాకెట్ల కొట్లు, సాయంత్రమైతే దీపాలు. ఆటలోలా ఉండాలంటే మాత్రం డిసెంబరే మంచిది.

అంత దూరం వెళ్లలేనివాళ్లకి మరో దారి ఉంది. మొదటి రెండు భాగాలూ ఇప్పుడు కంప్యూటర్లోనూ ఆడుకోవచ్చు. తండ్రి మరణం, కొన్ని తన్నులాటలు, జూదం యంత్రాలు ఉన్నాయి కాబట్టి బాగా చిన్నపిల్లలకి వద్దు. పదో తరగతి దాటినవాళ్లకి ఫర్వాలేదు. వెయ్యి శత్రువుల్ని చంపాలన్న తొందర లేదు. రోజుకో గంట చాలు. పక్కన అమ్మానాన్నలు కూర్చున్నా విసుగుపుట్టదు. వేలితో తిప్పే ఫోన్, బొమ్మలు పడే డబ్బా, పొద్దుపోయాక ఇంటికి రమ్మనే పెద్దావిడ... 1986ని చూసినవాళ్లే పిల్లలకి అవేమిటో చెప్పాల్సి వస్తుంది. ఆ ఏడాది మన ఊళ్లో ఆ వీధి ఎలా ఉండేదో కూడా చెప్పాల్సి వస్తుంది.